పరాయి నేల మీద సొంత బడి

గత సంచికలో, పదవీ విరమణ చేయబోయేవారు ముందుగా సమకూర్చుకోవలసిన కాగితాల గురించి ముచ్చటించుకున్నాం. ఈ పర్యాయం పిల్లల చదువు సంగతి. నిజానికి ఈ విషయాన్ని నేను ఎంచుకోలేదు. ఒక ఆదివారం ఉదయం అది తనంత తానుగా మా గుమ్మంలోకి వచ్చింది.

మా విభాగంలో పనిచేసే యువమిత్రుడు ఒకడున్నాడు. అతని తాతగారు, మా నాన్నగారు బిలాస్‌పూర్ లోకో షెడ్డులో కలిసి పనిచేసినవారు. అందువల్ల ఆఫీసులో అందరిలాగే ‘సార్’ అన్నా, ఇంటికి వచ్చినప్పుడు ‘బాబాయి గారూ’ అంటాడు. ఆ రోజు అతని చేతిలో నున్నని కాగితం మీద రంగులలో అచ్చువేసిన చిన్న పుస్తకం ఉన్నది. విదేశంలో, సముద్రతీర నగరమొకదానిలో ప్రైవేటు అంతర్జాతీయ పాఠశాల. వసతి, భోజనం అక్కడే. ‘అమెరికా తరహా విద్య’ అని అట్ట మీదనే పెద్ద అక్షరాలు. అతని కుమార్తె ఎనిమిదవ తరగతి పూర్తి చేయబోతున్నది. ఆ బడి తరఫు మనిషి ఎవరో పట్టణంలోని ఒక హోటలులో సమావేశం జరిపి, నెలాఖరులోగా డిపాజిట్టు కట్టినవారికి రుసుములో రాయితీ ఉంటుందని చెప్పాడట.

“భవిష్యనిధి నుండి కొంత, బ్యాంకు అప్పు కొంత తీసుకుంటే మూడేళ్లు ఎలాగో గట్టెక్కుతాను బాబాయి గారూ. నాలుగో ఏడాది సంగతి అప్పుడు చూసుకోవాలి. మీరొకసారి ఇది చదివి చూడండి” అన్నాడు.

చదివాను, రెండుసార్లు. ఈతకొలను, గ్రంథాలయం, ప్రయోగశాల, నాలుగైదు దేశాల పిల్లలు పచ్చిక మీద కూర్చుని నవ్వుతున్న చిత్రం. చిత్రాలకు పద్నాలుగు పుటలు, చదువుకు రెండు. ఆ రెండు పుటలలో నాకు కావలసిన సమాచారం కనబడలేదు. “రెండు వారాలు గడువివ్వు నాయనా, నాకు తెలిసినది, తెలుసుకోగలిగినది చెబుతాను” అని అతనిని పంపించాను. ఆ రెండు వారాల ఫలితమే ఈ వ్యాసం. కోర్బాలో, గెవ్రాలో, చిరిమిరిలో ఉన్న మన సహోద్యోగులలో ఇటువంటి పుస్తకాలు అందుకొన్నవారు మరికొందరు ఉండక పోరు.

అమెరికా దేశపు బడి అమెరికా వెలుపల ఎందుకు పుట్టిందన్నది మొదట తెలుసుకోదగ్గ విషయం. నేడు ఆ మాట వినగానే ఐశ్వర్యవంతుల పిల్లలు మన కళ్లకు కడతారు గాని, దాని పుట్టుక అటువంటిది కాదు. ఉద్యోగరీత్యానో, వృత్తిరీత్యానో స్వదేశానికి దూరమైన తల్లిదండ్రులు తమ పిల్లల కోసం కట్టుకొన్న బడి అది. మెక్సికో నగరంలో 1888లో ఆరంభమైన అమెరికన్ పాఠశాల ఒక రైల్వే అధికారి ఇంట చిన్నపిల్లల తరగతిగా మొదలైనదే. మన తాతలను బిలాస్‌పూర్‌కు రప్పించిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కంపెనీ ఏర్పడినది అంతకు ఒక్క ఏడాది ముందు, 1887లో. జపానులో 1902లో, షాంఘైలో 1912లో అటువంటి బడులే వెలిశాయి. వర్తకులు, ఇంజనీర్లు, మతప్రచారకులు పరదేశంలో కాపురం పెట్టినప్పుడు పిల్లలకు ఏడెనిమిదేళ్లు రాగానే ఒక చిక్కు ఎదురయ్యేది. స్థానిక బడిలో చేర్పిస్తే స్వదేశపు కళాశాలలో చోటు దొరకదు. స్వదేశానికి బంధువుల ఇంటికి పంపిస్తే ఏళ్ల తరబడి బిడ్డ ముఖం చూసే భాగ్యం ఉండదు. మధ్యేమార్గంగా పరాయి నేల మీద సొంత బడి కట్టుకొన్నారు.

దూరదేశాల మాట ఎందుకు? మన బిలాస్‌పూర్‌నే తీసుకోండి. అమెరికాకు చెందిన ‘డిసైపుల్స్ ఆఫ్ క్రైస్ట్’ సంఘం వారు 1885 ప్రాంతంలోనే ఇక్కడ మిషన్ నెలకొల్పారు. ఆడపిల్లల కోసం వారు పెట్టిన బర్జెస్ పాఠశాల పేరు వినని వారు ఈ పట్టణంలో తక్కువ. ముంగేలిలో ఆసుపత్రి కట్టారు. అమెరికా నుండి వచ్చిన మెన్నొనైట్ సంఘం వారు చాంపాలో కుష్ఠురోగుల ఆశ్రమం ఏర్పరచారు. వీరందరూ ఇక్కడి పిల్లలకు ఇక్కడి భాషలో చదువు చెప్పారు. తమ పిల్లలను మాత్రం ఉత్తరాన ముస్సోరీ ప్రక్కన ఉన్న లాండూర్ కొండ మీది వుడ్‌స్టాక్ పాఠశాలకు పంపేవారు. 1854లో స్థాపితమైన ఆ బడి 1870 దశకంలో అమెరికా ప్రెస్బిటేరియన్ మిషన్ చేతికి వచ్చింది. ముంగేలి ఆసుపత్రిలో కంటి శస్త్రచికిత్సలకు పేరుపొందిన డాక్టర్ విక్టర్ రాంబో, మధ్యపరగణాలలో పనిచేసిన మిషనరీ దంపతులకు 1894లో ఆ లాండూర్‌లోనే జన్మించారు. తరువాతి కాలంలో వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలకు వెళ్లి, అక్కడి నుండి పల్లెలలో కంటి శిబిరాలు నడిపారు.

ఆ రోజులలో ముంగేలి నుండో చాంపా నుండో బయలుదేరిన పిల్లవాడికి డెహ్రాడూన్ దాకా రైలు, ఆ పైన కొండదారి. ఏడాదిలో ఇంచుమించు తొమ్మిది నెలలు కొండ మీదనే గడిచేది. చలికాలపు సెలవులకు పిల్లలు కొండ దిగే రోజుకు ఆ బడిలో ప్రత్యేకంగా ఒక పేరే ఉండేది: ‘గోయింగ్ డౌన్ డే’. పండుగకు పేరు పెట్టినట్లు సెలవు మొదలయ్యే రోజుకు పేరు పెట్టుకొన్నారంటే, ఆ పిల్లలు దినాలు ఎలా లెక్కించేవారో ఊహించుకోవచ్చు.

తెలుగు దేశంలోని మిషనరీల పిల్లలకు కొడైకెనాల్ దగ్గర. గుంటూరులో లూథరన్ మిషన్ 1842లో ఆరంభమైంది. ఒంగోలులో బాప్టిస్టు మిషన్ నెలకొల్పిన జాన్ క్లౌ పేరు ఆ జిల్లాలో నేటికీ వినబడుతుంది. పాలమూరు వైపు మెన్నొనైట్లు పనిచేశారు. దక్షిణాది అమెరికన్ మిషనరీల పిల్లల కోసం 1901లో కొడైకెనాల్‌లో ‘హైక్లర్క్’ అనే పేరుతో గుప్పెడు మంది పిల్లలతో ఒక బడి తెరిచారు. దాని తొలి ప్రధానోపాధ్యాయిని మార్గరెట్ ఎడ్డీ, భారతదేశంలో పనిచేస్తున్న తన కుమారుడిని చూడడానికి వచ్చిన తల్లి. నేటి కొడైకెనాల్ ఇంటర్నేషనల్ స్కూల్ అదే.

ఆ బడిలో చదివినవారిలో మన తెలుగువారు ప్రత్యేకంగా చెప్పుకోవలసిన వ్యక్తి పాల్ హీబర్ట్. 1932లో శంషాబాద్‌లో మిషనరీ దంపతులకు జన్మించాడు. నేడు అంతర్జాతీయ విమానాశ్రయం ఉన్న శంషాబాదే. కొడైకెనాల్‌లో చదువుకొని, అమెరికా వెళ్లి మానవశాస్త్రం అభ్యసించి, తిరిగి పాలమూరు జిల్లాలోని కొండూరు అనే గ్రామానికి వచ్చి, ఆ ఊరి కులవృత్తులను, కుటుంబాలను, కొలువులను అధ్యయనం చేసి 1971లో గ్రంథం ప్రకటించాడు. ఏ బడి అతనిని అమెరికాకు చేర్చడానికి ఏర్పడిందో ఆ బడి తన పని తాను చేసింది. బడి చెప్పని తెలుగు మాత్రం అతనిని మళ్లీ తెలంగాణ పల్లెకు తీసుకొని వచ్చింది.

ఇటువంటి ఏర్పాటు మన ప్రభుత్వమూ చేసుకొన్నది. బదిలీ ఉద్యోగుల పిల్లలు రాష్ట్రం మారినప్పుడల్లా పాఠ్యపుస్తకాలు మారిపోయి అవస్థ పడకుండా 1963లో కేంద్రీయ విద్యాలయాల పథకం వచ్చింది. మాస్కోలో, ఖాట్మండులో, టెహరానులో ఉన్న కేంద్రీయ విద్యాలయాలు, సూత్రరీత్యా చూస్తే, వుడ్‌స్టాక్‌కు తమ్ముళ్లే. దేశం వెలుపల ఉన్న ఉద్యోగి పిల్లలు తిరిగివచ్చి మన కళాశాలలో చేరడానికి వీలు కల్పించడం వాటి ప్రయోజనం.

ఇక రైలు వెంట వచ్చిన మన తెలుగువారు ఏం చేశారు? ఈ ప్రశ్న వేసుకొన్నప్పుడు నాకు మా ఇల్లే గుర్తుకు వస్తుంది. మా నాన్నగారిది పార్వతీపురం దగ్గరి పల్లె. సాయంకాలం బిలాస్‌పూర్‌లో బండి ఎక్కితే టిట్లాగఢ్, రాయగడ మీదుగా తెల్లవారేసరికి సొంత గాలి తగులుతుంది. అంత దగ్గర. అయినా ఆ దగ్గరితనం చదువులో లేదు. మేము చదివినది హిందీ మాధ్యమం. నాన్నగారు రాత్రి డ్యూటీ దిగి వచ్చిన రోజులలో, నిద్ర ఆపుకొని, పెద్దబాలశిక్ష ముందు పెట్టి నాచేత తెలుగు అక్షరాలు దిద్దించారు. ఆడపిల్లకు అవసరం లేదనుకొన్నారో, అప్పటికి ఓపిక లేకపోయిందో, అక్కకు నేర్పలేదు. అక్క బొబ్బిలి దగ్గర ఒక ఊరికి కోడలిగా వెళ్లింది. తెలుగు ధారాళంగా మాట్లాడుతుంది. చదవడం, వ్రాయడం రాదు. అమ్మకు తెలుగు తప్ప మరొక లిపి తెలియదు. అందుచేత అక్క దేవనాగరి అక్షరాలలో తెలుగు మాటలు వ్రాసి కార్డు వేసేది. నేను చదివి అమ్మకు వినిపించేవాడిని. అత్తవారింట అందరూ క్షేమం, వానలు బాగా పడ్డాయి, బావగారికి జ్వరం తగ్గింది. ఇంతే ఉండేవి ఆ కార్డులలో. తల్లికి మాత్రమే చెప్పుకోవలసిన మాటలు ఎన్నడూ ఉండేవి కావు. చదివేది తమ్ముడని ఆమెకు తెలుసు. తెలుగు చదువు లేకపోవడం వల్ల వచ్చే నష్టం ఎటువంటిదని ఎవరైనా అడిగితే నేను ఈ సంగతి చెబుతాను.

స్వాతంత్ర్యానంతరం దేశంలో విదేశీ మిషనరీల సంఖ్య క్రమంగా తగ్గింది. ఆ కొండబడులు మూతపడవలసినదే గాని, వేరొక దారి పట్టాయి. వుడ్‌స్టాక్ 1959లో అమెరికాలోని ‘మిడిల్ స్టేట్స్’ సంఘం గుర్తింపు పొందింది. కొడైకెనాల్ బడి 1976లో, జెనీవాలో పుట్టిన ఐ.బి. డిప్లొమాను మన దేశంలో మొట్టమొదటిసారిగా ప్రవేశపెట్టింది. భారతీయ కుటుంబాల పిల్లలు, ఇతర ఆసియా దేశాల పిల్లలు చేరారు. అప్పటి నుండి బడి ప్రయోజనమే తలక్రిందులయింది. అమెరికా బిడ్డ తన ఇంటికి తిరిగి వెళ్లడానికి వేసిన వంతెన మీదుగా మన బిడ్డలు ఇల్లు విడిచి వెళ్లనారంభించారు. వెళ్లడాన్ని నేను తప్పుపట్టను. మా నాన్నగారు పార్వతీపురం విడిచి రాకపోతే ఈ వ్యాసం వ్రాసే ఉద్యోగం నాకుండేది కాదు. అయితే వంతెన ఎవరి కోసం కట్టారో, సుంకం ఎవరి జేబును చూసి నిర్ణయించారో తెలుసుకొని ఎక్కడం మంచిది.

సుంకం సంగతి ముందు చెబుతాను. మన దేశంలో ఢిల్లీలో 1952లో, ముంబయిలో 1981లో, చెన్నైలో 1995లో అమెరికన్ పాఠశాలలు ఏర్పడ్డాయి. రాయబార కార్యాలయాలలో, బహుళజాతి సంస్థలలో పనిచేసే విదేశీయుల పిల్లలు ప్రధానంగా వాటిలో చదువుతారు. పెద్ద తరగతులలో ఏడాది రుసుము ఇరవై లక్షల రూపాయలకు పైబడే ఉంటుంది. హైదరాబాదు దగ్గర పటాన్‌చెరులో 1972లో ఏర్పడిన ఇక్రిశాట్ పరిశోధన సంస్థ కూడా తన విదేశీ శాస్త్రవేత్తల పిల్లల కోసమే ఒక అంతర్జాతీయ పాఠశాలకు ప్రాణం పోసింది. ఇటువంటి చోట్ల చాలామంది పిల్లల రుసుమును చెల్లించేది తండ్రి కాదు, తండ్రిని పంపిన యజమాని. జీతంలో భాగంగా విద్యాభత్యం పొందే కుటుంబాలను దృష్టిలో ఉంచుకొని కట్టిన లెక్క అది. మన విద్యాభత్యం ఎంతో పాఠకులకు నేను చెప్పనక్కరలేదు. యజమాని కట్టవలసిన సొమ్మును భవిష్యనిధి నుండి కట్టబోయే ముందు ఈ తేడా గమనించాలి. పైగా విదేశపు బడిలో రుసుము డాలర్లలో ఉంటుంది. 2010లో డాలరు సుమారు 45 రూపాయలు. 2024 చివరికి 84 దాటింది. బడి వారు ఒక్క డాలరు పెంచకపోయినా మన రుసుము పెరుగుతూనే ఉంటుంది.

ఇక ‘అమెరికా సిలబస్’ అనే మాట. మనకు ఎన్.సి.ఇ.ఆర్.టి. పుస్తకాలు ఉన్నట్లు అమెరికాకు జాతీయ పాఠ్యప్రణాళిక లేదు. చదువు రాష్ట్రాల అధీనంలోని విషయం. ఇంగ్లీషు, గణితాలకు 2010లో వచ్చిన ‘కామన్ కోర్’ ప్రమాణాలను అనేక రాష్ట్రాలు స్వీకరించాయి గాని అది కూడా నిర్బంధం కాదు. విదేశాలలో ఉన్న అమెరికన్ పాఠశాలలను అమెరికా ప్రభుత్వం నడపదు. తన సైనికుల పిల్లల కోసం 1946 నుండి నడుపుతున్న బడులు వేరు. 1964 నుండి ఆ దేశపు విదేశాంగ శాఖలో ఒక కార్యాలయం కొన్ని పాఠశాలలకు సహాయం మాత్రం అందిస్తుంది. అందుచేత ‘అమెరికా తరహా’ అని ఎవరైనా అచ్చువేసుకోవచ్చు. అడ్డుపెట్టే వారు లేరు.

మరి మంచి చెడ్డలు తేల్చేది ఎవరు? గుర్తింపు సంఘాలు. మిడిల్ స్టేట్స్, న్యూ ఇంగ్లండ్, వెస్టర్న్ సంఘాలు, కాగ్నియా అనేవి వాటిలో ముఖ్యమైనవి. మన బోర్డు అనుబంధం వంటిది కాదు ఇది. బోర్డు పుస్తకాలు ఇస్తుంది, పరీక్ష పెడుతుంది, మార్కుల పత్రం ఇస్తుంది. ఈ సంఘాలు పరీక్ష పెట్టవు. బడి తనను గురించి తాను నివేదిక వ్రాసుకొంటుంది. ఇతర బడుల ఉపాధ్యాయులు వచ్చి రోజుల తరబడి పరిశీలిస్తారు. కొన్నేళ్లకు ఒకసారి మళ్లీ వస్తారు. ఇందులో మెట్లు ఉన్నాయి. దరఖాస్తు పెట్టిన బడి వేరు, ‘అభ్యర్థి’ హోదాలో ఉన్న బడి వేరు, పూర్తి గుర్తింపు గల బడి వేరు. గుర్తింపు పొందిన బడుల జాబితాను ఆ సంఘాలే బహిరంగంగా ప్రకటిస్తాయి, చూసుకోవచ్చు. మా మిత్రుడు తెచ్చిన పుస్తకంలో ‘అమెరికా ప్రమాణాలకు అనుగుణంగా’ అని ఉన్నది. సంఘం పేరు ఎక్కడా లేదు.

చదువు తీరు గురించి కూడా నాలుగు మాటలు చెప్పాలి, ఎందుకంటే ఇందులో నిజంగా మెచ్చుకోదగినది ఉన్నది. తొమ్మిది నుండి పన్నెండు వరకు నాలుగేళ్లు హైస్కూలు. ప్రతి విషయానికీ ‘క్రెడిట్లు’ ఉంటాయి. ఏడాదిలో సుమారు 120 గంటల బోధన ఒక క్రెడిట్టు అనే లెక్క 1906 నాటిది. ఇంగ్లీషుకు నాలుగు, గణితానికి మూడో నాలుగో, విజ్ఞానశాస్త్రానికి, చరిత్రకు ఇన్ని అని కూడుతూ మొత్తం ఇరవై పైచిలుకు సంపాదిస్తే డిప్లొమా. సంగీతానికి, చిత్రలేఖనానికి, వ్యాయామానికి కూడా క్రెడిట్టు ఉన్నది. రసాయనశాస్త్రం, నాటకం రెండూ ఇష్టమైన పిల్ల రెండూ చదవవచ్చు. పదవ తరగతి మార్చి నెలలో మన ఇళ్లలో దీపావళి టపాకాయ పేలినా ఉలిక్కిపడే వాతావరణం ఉంటుంది కదా, అటువంటి ఏకైక మహాపరీక్ష అక్కడ లేదు.

కాని దానికి మరొక ప్రక్క ఉన్నది. అది మన తల్లిదండ్రులకు సాధారణంగా తట్టదు. మన పద్ధతిలో తొమ్మిదవ తరగతి ఎలా గడిచినా పన్నెండులో గట్టిగా చదివి సర్దుకోవచ్చు. అక్కడ తొమ్మిదవ తరగతి మొదటి నెలలో వ్రాసిన వ్యాసం గ్రేడు కూడా నాలుగేళ్ల సగటులో చేరి, కళాశాలకు పంపే పత్రంలో కనబడుతుంది. హిందీ మాధ్యమం నుండి వచ్చి, ఇంటి మీద బెంగతో, క్రొత్త ఇంగ్లీషుతో తంటాలు పడే తొలి ఏడాది లెక్కలోకి వచ్చే ఏడాదే. దీనికి తోడు మంచి కళాశాలలు ఆశించేవారు 1926 నుండి ఉన్న ఎస్.ఎ.టి. పరీక్షకో, కళాశాల స్థాయి పాఠాలైన ‘అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్’ పరీక్షలకో కూర్చుంటారు. ఆ పాఠాలు ఆ బడిలో ఎన్ని చెబుతారన్నది అడిగి తెలుసుకోవాలి.

అంతకన్నా ముఖ్యమైనది, తిరిగి వస్తే ఏమిటన్నది. మూడేళ్లకు సొమ్ము చాలక, లేదా ఆరోగ్యం బాగుండక పిల్ల తిరిగి వచ్చిందనుకోండి. మన విశ్వవిద్యాలయాలలో చేరాలంటే విదేశీ డిప్లొమాకు తుల్యతా పత్రం కావలసి ఉంటుంది. దానిని చాలాకాలం ఇస్తూ వచ్చినది 1925 నుండి పనిచేస్తున్న భారతీయ విశ్వవిద్యాలయాల సంఘం. గుర్తింపు లేని బడి డిప్లొమా ఇక్కడ చిక్కులో పడుతుంది. డిప్లొమా మంచిదే అయినా, వైద్యమో ఇంజనీరింగో చదవదలచినవారికి పన్నెండవ తరగతి స్థాయిలో నిర్దిష్టమైన విషయాలు ఉండి తీరాలి. ఇష్టం వచ్చినవి ఎంచుకొనే స్వేచ్ఛలో ఒక ఏడాది జీవశాస్త్రం, మరొక ఏడాది భౌతికశాస్త్రం చదివి వచ్చిన పిల్లకు అది కుదరకపోవచ్చు. తొమ్మిదవ తరగతిలోనే దీనిని ఆలోచించుకోవాలి. నాలుగో ఏడు సంగతి అప్పుడు చూసుకోవాలన్న మిత్రుడికి నేను చెప్పినది ఇదే. నాలుగో ఏటి సొమ్ము లేకుండా మొదలుపెడితే మూడేళ్ల సొమ్ముకూ డిప్లొమా రాదు.

భాష సంగతి ఒకటి మిగిలింది. ఆ చిన్న పుస్తకంలో ‘ప్రపంచ భాషలు’ అనే శీర్షిక క్రింద స్పానిష్, ఫ్రెంచి, చైనా భాష ఉన్నాయి. మన పిల్లలకు తెలిసిన రెండు భాషలలో ఒక్కటీ లేదు. అమెరికాలోని తెలుగువారు ఈ క్రెడిట్ల పద్ధతినే తమకు అనుకూలంగా మలచుకొన్న తీరు ఈ సందర్భంలో నాకు ఆశ్చర్యం కలిగించింది. కాలిఫోర్నియాలో సిలికానాంధ్ర సంస్థ 2007లో ‘మనబడి’ ఆరంభించింది. వారాంతాలలో పాఠాలు, స్వచ్ఛందంగా బోధించే తల్లిదండ్రులు. వెస్టర్న్ సంఘం గుర్తింపును కూడా సంపాదించారు. ఇక్కడి మన మిత్రుడు తన బడిలో వెదకుతున్న గుర్తింపు అటువంటిదే. దాని ఆధారంగా అక్కడి కొన్ని హైస్కూళ్లు తెలుగును ఒక భాషగా లెక్కించి క్రెడిట్టు ఇస్తున్నాయి. నూట పాతికేళ్ల క్రితం అమెరికన్లు కొడైకెనాల్ కొండ మీద తమ పిల్లల కోసం చేసిన పనిని, తెలుగువారు అమెరికాలో తమ పిల్లల కోసం చేస్తున్నారు. రైలు వెంట వచ్చి నాలుగు తరాలుగా బుధవారి బజారులో కూరగాయలు కొనుక్కొంటున్న మన ఇళ్లలో మాత్రం, పదమూడేళ్ల పిల్లకు సొంత ఊరి బస్సు మీది పేరు చదవడం రాదు. ఇందులో నా తప్పూ ఉన్నది. మా అబ్బాయికి నేను నేర్పినది అచ్చులు, హల్లుల దాకానే.

రెండు వారాల తరువాత మిత్రుడు కుమార్తెను వెంటబెట్టుకొని వచ్చాడు. నేను వ్రాసిపెట్టుకొన్న కాగితం ఇచ్చాను. అందులో ఆరు ప్రశ్నలు. గుర్తింపు ఏ సంఘానిది, ఏ మెట్టు, ఏ సంవత్సరం వరకు? గత మూడేళ్లలో డిప్లొమా పొందినవారు ఎందరు, ఏ కళాశాలలలో చేరారు? మన విశ్వవిద్యాలయాల సంఘం నుండి తుల్యతా పత్రం పొందిన పూర్వ విద్యార్థులు ఎవరైనా ఉన్నారా? అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ పాఠాలు ఎన్ని? రుసుము ఏటేటా ఎంత పెరిగింది? మధ్యలో మానిపిస్తే డిపాజిట్టు తిరిగి ఇస్తారా?

అతను అక్కడే కూర్చుని వాటిని ఇంగ్లీషులో ఉత్తరంగా వ్రాశాడు. జవాబు వచ్చేవరకు డిపాజిట్టు కట్టనన్నాడు. నెలాఖరు రాయితీ పోతే పోనిమ్మన్నాడు. ఆ మాట అనడానికి అతనికి కొంచెం కష్టమైంది. కూతురి వైపు చూస్తూ అన్నాడు.

అమ్మాయి అంతసేపూ ఆ రంగుల పుస్తకం తిరగేస్తున్నది. అంతవరకు ఆమెను మేము ఎవరమూ ఏమీ అడగలేదని అప్పుడు తోచి, “నీకేమైనా అడగాలని ఉందా తల్లీ?” అన్నాను.

“సెలవులకు ఇంటికి ఎప్పుడు పంపిస్తారు తాతగారూ?” అన్నది.

ముగ్గురం పుస్తకమంతా వెదికాం. సెలవుల పట్టిక ఎక్కడా లేదు. మిత్రుడు ఉత్తరం మళ్లీ తెరిచి, ఏడవ ప్రశ్నగా దానిని చేర్చాడు.